పాత అమెరికన్ సైనిక సామాను: గుర్తుపట్టడం ఎలా, కొనడం ఎలా, దాచుకోవడం ఎలా

అమెరికా సైనికుడు యుద్ధరంగంలో నడుముకీ భుజాలకీ తగిలించుకుని తిరిగిన సామానంతటినీ ఫీల్డ్ గేర్ అంటారు. తూటాల బెల్ట్, నీళ్ళ క్యాంటీన్, ఫస్ట్ ఎయిడ్ పౌచ్, వీపు సంచి, చిన్న పార, ఇవన్నీ అందులోకే వస్తాయి. పతకాలకీ హెల్మెట్లకీ ఎగబడేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ నవారు సామాను వైపు చూసేవాళ్ళు తక్కువ. సేకరణ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మాత్రం ఇదే మంచి దారి అని నా నమ్మకం. లక్షల్లో తయారైంది కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది, ధర మామూలు మనిషికి అందుతుంది, ఎవరు చేశారో ఏ ఏడు చేశారో చాలావరకు వస్తువు మీదే ఉంటుంది.

ఆ ముద్రను చూసి గుడ్డిగా నమ్మడం వల్లే కొత్తవాళ్ళు మోసపోతారు. సిరాతో "యు.ఎస్. 1942" అని కొట్టడం ఎవరికైనా చేతనవుతుంది. ఎనభై ఏళ్ళ నాటి నవారును, ఆనాటి టిచ్‌బటన్లను, ఆనాటి కుట్టును మళ్ళీ పుట్టించడం అంత తేలిక కాదు. కాబట్టి వస్తువు చేతికి రాగానే ముందు గుడ్డ చూడండి, తర్వాత లోహం, తర్వాత కుట్టు. ముద్ర ఆఖరున చూడండి. కింద చెప్పేదంతా ఈ వరసలోనే ఉంటుంది.

ముందు గిరి గీసుకోండి

"అమెరికన్ ఆర్మీ" అని కనిపించిందల్లా కొంటూ పోతే అలమర నిండుతుంది గానీ ఒక్క సెట్టూ పూర్తి కాదు. ఒక కాలాన్నీ, ఆ కాలంలో ఒక సైనికుణ్ణీ మనసులో పెట్టుకోండి. 1918లో ఫ్రాన్స్‌లో ఉన్న పదాతి సైనికుడు, 1944లో నార్మండీలో దిగిన రైఫిల్‌మన్, 1967లో వియత్నాంలో ఉన్న కుర్రాడు, ఈ ముగ్గురిలో ఒకర్ని ఎంచుకోండి. అతని నడుము మీద ఏమేం ఉండేవో కాగితం మీద రాసుకుని, ఆ జాబితా పూర్తయ్యేదాకా పక్కచూపులు చూడకండి.

ఎవరిని ఎంచుకోవాలో తేల్చుకోలేకపోతే వియత్నాం కాలపు ఎం1956 సెట్టుతో మొదలుపెట్టండి. అందులో బెల్ట్, భుజాల పట్టీలు, రెండు తూటాల పౌచ్‌లు, క్యాంటీన్, చిన్న ఫస్ట్ ఎయిడ్ పౌచ్, నడుము వెనక తగిలించే చిన్న సంచి ఉంటాయి. మామూలు ముక్కలు చవగ్గానే దొరుకుతాయి కాబట్టి వాటికి నకిలీ చేస్తే గిట్టుబాటు కాదు, అలా కొనేవాడికి ప్రమాదం తగ్గుతుంది. కళ్ళకీ చేతులకీ కాస్త అలవాటయ్యాక రెండో ప్రపంచ యుద్ధం వైపు వెళ్ళొచ్చు.

కాలాల వరస

ఎం అక్షరం తర్వాత వచ్చే నాలుగంకెల సంఖ్య ఆ నమూనాకు సైన్యం పెట్టుకున్న సంవత్సరం. అది తయారీ తేదీ కాదు. ఎం1910 క్యాంటీన్ 1918లోనూ తయారైంది, 1944లోనూ తయారైంది. ఇది మొదటి రోజే మనసులో నాటుకోవాలి, లేకపోతే 1944 నాటి వస్తువును 1910దని చెప్పి అమ్మినా తలూపేస్తాం.

1910 నాటి పద్ధతిలో బెల్ట్‌కి పైనా కిందా ఇత్తడి ఐలెట్లు, అంటే లోహపు అంచున్న చిన్న రంధ్రాలు ఉంటాయి. పౌచ్‌ల వెనక వంచిన తీగతో చేసిన జంట హుక్ ఉంటుంది. ఆ హుక్‌ని ఐలెట్లలో దూర్చి వేలాడదీస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలూ కొరియా యుద్ధమూ ఈ హుక్ మీదే నడిచాయి. మధ్యలో 1923 నమూనా తూటాల బెల్ట్, 1928 హావర్‌సాక్ అనే వీపు సంచి, 1936 పిస్టల్ బెల్ట్, దానికి తగ్గ భుజాల పట్టీలు, మ్యూసెట్ సంచి, 1943 మడత పార, 1944-45 సంచులు వచ్చాయి. 1956లో పద్ధతి మారింది. హుక్ స్థానంలో బెల్ట్‌ని పట్టుకుని జారే లోహపు క్లిప్పులు వచ్చాయి. వియత్నాం అడవుల్లో నూలు నవారు తడిస్తే బరువెక్కి, ఆరక, కుళ్ళిపోయేది. అందుకని 1967లో నైలాన్ సామాను వచ్చింది. 1973లో ఆలిస్ అనే పద్ధతిని ఆమోదించారు, 1990ల చివర్లో మోలీ వచ్చింది. హుక్ ఉందా, క్లిప్ ఉందా, గుడ్డ నూలా, నైలానా అన్నవి చూస్తే ఏ తరానిదో క్షణంలో తెలిసిపోతుంది.

చేతిలోకి తీసుకున్నాక: గుడ్డ

పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చలన్నీ ఒకేలా కనిపిస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో నవారు రంగు ఆలివ్ డ్రాబ్ 3. లేత ఖాకీకి దగ్గరగా ఉంటుంది, కొంచెం పసుపు కలిసిన ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఎండకీ ఉతుకులకీ అది దాదాపు తెల్లబడేది, పచ్చని పొలాల్లో దూరానికి కూడా కనిపించేది. అందుకే 1943 ప్రాంతంలో ముదురు ఆకుపచ్చకి, అంటే ఆలివ్ డ్రాబ్ 7కి మారారు. మార్పు ఒక్క రోజులో జరగలేదు. ఫ్యాక్టరీలో మిగిలిన పాత నవారును పారేయకుండా కొత్తదానితో కలిపి కుట్టారు. ఒకే పౌచ్ మీద శరీరం ఆకుపచ్చగా, అంచు పట్టీ ఖాకీగా కనిపిస్తే కంగారు పడకండి. అలాంటి రెండు రంగుల ముక్కలు అసలైనవే, వాటిని ప్రత్యేకంగా వెతికేవాళ్ళు కూడా ఉన్నారు. నాకైతే ఒకే రంగులో మెరిసే ముక్క కంటే ఇవే ఎక్కువ ముచ్చటగా అనిపిస్తాయి. యుద్ధం హడావిడిలో ఏ బీరువాలో ఏముందో అది తీసి పని కానిచ్చిన మనుషులు అందులో కనిపిస్తారు.

రంగు ఎక్కడ వెలిసిందో కూడా చూడండి. వాడిన వస్తువు మూత పైన, అంచుల దగ్గర, వంగే చోట వెలుస్తుంది. మూత ఎత్తితే కింద అసలు రంగు ముదురుగా ఉండాలి. లోపలా బయటా ఒకేలా వెలిసి ఉంటే, ఎవరో టీ నీళ్ళలో ముంచో, బ్లీచ్ పెట్టో పాతబరిచి ఉండొచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి తూటాల బెల్ట్ చేతికి వస్తే జేబుల అంచు దగ్గర కాస్త ఆగండి. అమెరికా సైన్యాధికారి ఆన్సన్ మిల్స్ కనిపెట్టిన పద్ధతిలో బెల్ట్‌తో పాటే జేబుల్నీ మగ్గం మీద కలిపి నేసేవారు. జేబు బెల్ట్‌లోంచి మొలిచినట్టు ఉంటుంది. తర్వాత వచ్చిన చాలా బెల్ట్‌లలో జేబుల్ని విడిగా చేసి కుట్టారు. వేలితో జేబు అంచు వెంట తడిమితే తేడా తెలుస్తుంది.

లోహం

టిచ్‌బటన్లు మంచి సాక్షులు. 1910 తొలి సామాను మీద గద్ద బొమ్మ ఉన్న గుండ్రటి బటన్లు ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా వాటి బదులు లిఫ్ట్ ద డాట్ అనే రకం వచ్చింది. దాన్ని ఒక్క వైపు నుంచి ఎత్తితేనే ఊడుతుంది, మిగతా వైపుల నుంచి లాగితే రాదు. ఒకసారి మీ చేత్తో ఊడదీసి పెట్టి చూడండి. అసలుది గట్టిగా పట్టుకుని, శుభ్రంగా వదులుతుంది. చవక నకళ్ళలో వదులుగా ఆడటమో, ఎంతకీ ఊడకపోవడమో ఉంటుంది. చాలా బటన్ల వెనక స్కోవిల్, యునైటెడ్ కార్ లాంటి తయారీదారుల పేర్లు సన్నగా ఉంటాయి. భూతద్దం జేబులో ఉంచుకోండి.

చిన్న అయస్కాంతం కూడా పెట్టుకోండి. ఇత్తడి అయస్కాంతానికి అంటదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటిదని చెప్పే వస్తువు మీద ఐలెట్లన్నీ అయస్కాంతానికి అంటుకుంటే ఆలోచించాల్సిందే. నల్లగా పూత వేసిన ఇత్తడి రెండో ప్రపంచ యుద్ధంలో మామూలే. రంగు పోయిన చోట పసుపు తళుకు కనిపిస్తుంది.

కుట్టు

దారం నూలుదై ఉండాలి. 1960ల ముందు నాటిదని చెప్పే సామాను మీద మెరుస్తూ నున్నగా ఉండే పాలియెస్టర్ దారం ఉంటే పక్కన పెట్టేయండి. అతినీల కాంతి టార్చ్ చవగ్గా దొరుకుతుంది. చీకటి గదిలో దాన్ని వేస్తే కొత్త దారాలు, కొత్త బట్టలు తెల్లగా నీలంగా వెలుగుతాయి, పాత నూలు వెలగకుండా ఉండిపోతుంది. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. అసలు వస్తువునే ఎవరైనా ఇప్పటి డిటర్జెంట్‌తో ఉతికి ఉంటే, అందులోని తెల్లదనం పెంచే రసాయనాల వల్ల అదీ వెలుగుతుంది. కాబట్టి వెలగనంత మాత్రాన అసలుదని గానీ, వెలిగినంత మాత్రాన నకిలీ అని గానీ తేల్చేయకూడదు. వేలాడుతున్న చిన్న దారం పోగు ఉంటే, అమ్మేవాడి అనుమతితో చివర కాల్చి చూడొచ్చు. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది.

ఒక క్యాంటీన్‌ను దగ్గరగా చూద్దాం

ఇంతవరకు చెప్పినవన్నీ ఒకే వస్తువులో నేర్చుకోవాలంటే ఎం1910 క్యాంటీన్ సెట్టు కొనండి. సీసా, దాని కింద ఇమిడిపోయే కప్పు, రెండిటినీ పట్టుకునే కవర్, మూడు వేరు వేరు వస్తువులు. మూడిటి మీదా ముద్రలు ఉంటాయి, లోహమూ గుడ్డా రెండూ చూడటానికి దొరుకుతాయి.

సీసాలో ఒక క్వార్ట్ నీళ్ళు, అంటే లీటరుకి కాస్త తక్కువ పడతాయి. తుంటికి ఆనేలా ఒక వైపు లోపలికి వంగి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అల్యూమినియం సీసా, గొలుసుతో అల్యూమినియం మూత ఉండేవి. 1942 వచ్చేసరికి అల్యూమినియం అంతా విమానాలకి కావాల్సి వచ్చింది. దాంతో స్టెయిన్‌లెస్ స్టీలు సీసాలు వచ్చాయి. ఎనామిల్ పూసిన ఇనుప సీసాలు చేశారు, ప్లాస్టిక్‌తో కూడా చేసి చూశారు. ఎనామిల్ పెచ్చులూడేది, తొలి ప్లాస్టిక్ సైనికులకు నచ్చలేదు. ఆ రెండూ కొద్దికాలమే నడిచాయి, అందుకే ఇవాళ వాటికి గిరాకీ ఎక్కువ. మూత కూడా నల్ల ప్లాస్టిక్‌కి మారింది. నల్ల ప్లాస్టిక్ మూతతో 1918 సీసా కనిపిస్తే మూత తర్వాత మార్చిందని అర్థం. అదేం నేరం కాదు, సైన్యమే డిపోలో బాగుచేసి మళ్ళీ ఇచ్చేది. ధర మాత్రం అందుకు తగ్గట్టు ఉండాలి.

సీసా శరీరం మీద ముద్ర అరిగిపోయి కనిపించకపోతే టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. గుంటల్లో నీడ పడి అక్షరాలు పైకి తేలతాయి. కనెక్టికట్‌లోని లాండర్స్, ఫ్రేరీ అండ్ క్లార్క్, విస్కాన్సిన్‌లోని అల్యూమినియం గూడ్స్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ, అక్కడిదే వోల్‌రాత్ కంపెనీ, ఇలాంటి పేర్లో వాటి పొడి అక్షరాలో కనిపిస్తాయి. వీళ్ళలో చాలామంది అంతకుముందు ఇళ్ళలో వాడే గిన్నెలు, చెంచాలు చేసినవాళ్ళే.

కవర్ తెరిచి లోపల వేలు పెట్టండి. ఉన్నిని నొక్కి చేసిన మందపాటి అస్తరు తగలాలి. కవర్‌ని నీళ్ళలో తడిపితే ఆ ఉన్ని తడిని పట్టుకుని, ఆరుతూ ఆరుతూ సీసాలో నీళ్ళని చల్లబరిచేది. ఎం1956 నుంచి అస్తరు కృత్రిమ బొచ్చుకి మారింది. ఆలిస్ కవర్‌కి ముందు చిన్న జేబు ఉంటుంది, నీటిని శుద్ధి చేసే మాత్రల సీసా కోసం. రెండో ప్రపంచ యుద్ధం నాటి మెరైన్ల కవర్లలో చాలావాటికి పైనున్న రెండు మూత ముక్కలూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. ఆర్మీది అలా ఉండదు. ఈ ఒక్క తేడా తెలియక మామూలు ధరకి మెరైన్ కవర్ అమ్మేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

1918 సీసా, 1942 కప్పు, 1944 కవర్ కలిసి ఉన్నాయంటే సెట్టు పాడైందని కాదు. సైనికుడి చేతిలో అలాగే ఉండేది. మూడిటి మీదా ఒకే సంవత్సరం ఉందని రెట్టింపు ధర చెబితే మాత్రం కొనకండి. అలా జతచేసేది చాలావరకు వ్యాపారులే.

ఇప్పుడు ముద్రలు

రెండో ప్రపంచ యుద్ధం వరకు ముద్ర సూటిగా ఉంటుంది. "యు.ఎస్." అని పెద్ద అక్షరాలు, లోపలి వైపు తయారీదారు పేరు, సంవత్సరం ఉంటాయి. జె.క్యూ.ఎం.డి. అని ఉంటే ఇండియానాలోని జెఫర్సన్‌విల్ క్వార్టర్‌మాస్టర్ డిపో. బాయ్ట్ అంటే అయోవాలో గుర్రపు జీన్లు చేసిన కంపెనీ. పారల మీద ఏమ్స్, వుడ్ పేర్లు కనిపిస్తాయి. "బ్రిటిష్ మేడ్" అని ఉంటే భయపడకండి, అమెరికా సేనల కోసం యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో కుట్టించిన సామాను అది.

ఎం1956 కాలానికి వచ్చేసరికి చాలా ముక్కల మీద సంవత్సరం బదులు కాంట్రాక్ట్ నంబర్ ఉంటుంది. డి.ఏ. అంటే ఆర్మీ శాఖ. డి.ఎస్.ఏ. అంటే 1962 నుంచి 1977 వరకు సరఫరాలు చూసిన సంస్థ, ఆ తర్వాత దాని పేరు డి.ఎల్.ఏ. అయింది. డి.ఎస్.ఏ. 100-68-సి అని ఉంటే మధ్యలో ఉన్న 68 ఆర్థిక సంవత్సరాన్ని చెబుతుంది. ఆ రోజుల్లో అమెరికా ఆర్థిక సంవత్సరం జులైలో మొదలై జూన్‌లో ముగిసేది. కాబట్టి అది 1967 జులై, 1968 జూన్ మధ్య కుదిరిన ఒప్పందం. వస్తువు ఆ తర్వాత కొన్ని నెలలకు తయారై ఉండొచ్చు.

స్టాక్ నంబర్ ఉంటే అంకెలు లెక్కపెట్టండి. 11 అంకెలు ఉంటే ఫెడరల్ స్టాక్ నంబర్, 1974కి ముందు పద్ధతి. 13 అంకెలు ఉంటే నేషనల్ స్టాక్ నంబర్, 1974 సెప్టెంబరు చివర నుంచి వచ్చినది. "వియత్నాం నుంచి 1968లో తెచ్చాడు" అని కథ చెప్పే వస్తువు మీద 13 అంకెలుంటే ఆ కథ నిలబడదు. మొదటి నాలుగు అంకెలు 8465 అయితే సైనికుడి వ్యక్తిగత సామాను అనే విభాగం.

పేరు రాసి ఉంటే

నా దృష్టిలో ఈ సేకరణలో అన్నిటికంటే విలువైనది ఇదే. చాలా ముక్కల మీద, ముఖ్యంగా మూతల లోపలి వైపు, ఒక అక్షరం, నాలుగు అంకెలు కనిపిస్తాయి. కె 4471 అన్నట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడి ఇంటిపేరు మొదటి అక్షరం, అతని సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలు కలిపి ఇలా గుర్తు వేసేవారు.

ఎక్కడైనా పూర్తి సీరియల్ నంబర్ దొరికితే అది ఇంకా చాలా చెబుతుంది. మామూలు సైనికుల నంబర్‌కి ఎనిమిది అంకెలు. మొదటి అంకె 1 అయితే తనంతట తాను చేరినవాడు, 2 అయితే నేషనల్ గార్డ్, 3 అయితే నిర్బంధ సైన్య సేవకు పిలిచినవాడు. రెండో అంకె అతన్ని ఏ ప్రాంతం నుంచి తీసుకున్నారో చెబుతుంది. 32తో మొదలైతే న్యూయార్క్, న్యూజెర్సీ వైపు, 36 అయితే ఇల్లినాయ్, మిషిగన్, విస్కాన్సిన్ వైపు, 38 అయితే టెక్సస్ వైపు. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు ఆర్మీలో చేరినవాళ్ళవి సుమారు 90 లక్షల రికార్డులు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. నంబర్ కొడితే పేరు, పుట్టిన సంవత్సరం, చేరిన ఊరు, చదువు, వృత్తి కూడా రావచ్చు. పూర్తి సర్వీసు ఫైలు కోసం సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రానికి రాయాలి. అక్కడ 1973 జులై 12న జరిగిన అగ్నిప్రమాదంలో 1912-1960 మధ్య ఆర్మీ నుంచి బయటికి వచ్చినవాళ్ళ ఫైళ్ళు దాదాపు 80 శాతం కాలిపోయాయి. అందుకే చాలామంది సైనికుల విషయంలో మిగిలిన ఆనవాళ్ళు ఇలాంటి సామాను మీద రాసినవే.

అక్షరం, నాలుగు అంకెలు మాత్రమే ఉంటే "మనిషి దొరికాడు" అని ప్రకటించకండి. అదే గుర్తు ఎందరికో వచ్చి ఉంటుంది. పేరు, అంకెలు, ఊరు మూడూ కలిస్తే తప్ప అనుమానంగానే రాసుకోండి. ఏ పరిస్థితిలోనూ ఆ రాతను తుడిచి "శుభ్రం" చేయకండి.

నకిలీలు ఎక్కడ ఎక్కువ

మామూలు పౌచ్‌లలో తక్కువ. పారాట్రూపర్ల సామాను, మెరైన్ల సామాను, హెల్మెట్లలో ఎక్కువ. నాటకాలకీ యుద్ధ పునఃప్రదర్శనలకీ చేసిన నకళ్ళు నిజాయితీగానే తయారవుతాయి. తోలు హోల్‌స్టర్ల నకళ్ళు మన దేశంలోనూ చాలా తయారవుతాయి. చేతులు మారుతూ మారుతూ ఎవడో ఒకడు వాటికి మట్టి పూసి అసలువని అమ్ముతాడు.

ఎం1 హెల్మెట్ విషయం ఒక్క ముక్కలో చెప్పాలంటే కష్టం, యుద్ధకాలంలోనే సుమారు 2.2 కోట్లు తయారయ్యాయి. కనీసం ఇవి చూడండి. గడ్డం పట్టీ తగిలించే లూపులు కదలకుండా వెల్డ్ చేసి ఉంటే 1943 చివరికి ముందువి, అటూ ఇటూ ఆడుతుంటే తర్వాతవి. అంచు చుట్టూ ఉన్న లోహపు పట్టీ అతుకు ముందు వైపు ఉంటే 1944 చివరికి ముందుది, వెనక ఉంటే తర్వాతది. లోపల ముందు అంచు దగ్గర కొట్టిన నంబర్ ఉంటుంది. దాని కింద ఎస్ అక్షరం ఉంటే సెయింట్ లూయిస్‌లోని ష్లూటర్ తయారీ, లేకపోతే ఎక్కువగా డెట్రాయిట్‌లోని మెకార్డ్. ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో లూపులున్న పారాట్రూపర్ ఎం2 హెల్మెట్ ఎవరైనా చూపిస్తే, ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా, మరో ఇద్దరికి చూపించకుండా డబ్బు ఇవ్వకండి.

ఎక్కడ వెతకాలి

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఇది చేతికందే పని. డాలస్ వాళ్ళకి కాంటన్ ఫస్ట్ మండే సంత దగ్గరే ఉంది. బే ఏరియా వాళ్ళకి నెలలో మొదటి ఆదివారం అలమీడా పాయింట్ పాత సామాన్ల సంత, ఈశాన్యంలో ఉన్నవాళ్ళకి మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ సంత ఉన్నాయి. లూయివిల్‌లో ఏటా జరిగే షో ఆఫ్ షోస్ పూర్తిగా సైనిక సామానుకే. కొనకపోయినా ఒకసారి వెళ్ళి రండి. వందల అసలు ముక్కల్ని చేత్తో తాకి చూసిన ఒక్క రోజు, ఫోన్‌లో ఫోటోలు చూస్తూ గడిపిన ఏడాది కంటే ఎక్కువ నేర్పుతుంది. చనిపోయినవాళ్ళ ఇంటి సామాను అమ్మే ఎస్టేట్ సేల్స్ ఇంకా మంచివి, ఎందుకంటే అక్కడ అమ్మేది చాలాసార్లు ఆ సైనికుడి కుటుంబమే. వాళ్ళని మర్యాదగా అడిగి, ఆయన పేరు, ఏ దళంలో పనిచేశారో అక్కడే రాసుకోండి. ఆ మాట ఒకసారి పోతే మళ్ళీ దొరకదు.

ఆన్‌లైన్‌లో కొంటుంటే ముద్ర ఫోటో ఒక్కటే సరిపోదు. మూత లోపలి వైపు, హుక్, టిచ్‌బటన్ వెనక భాగం, కుట్టు దగ్గరగా, ఈ నాలుగు ఫోటోలు అడగండి. పంపనంటే వదిలేయండి, అదే రకం మరో నెలలో మళ్ళీ వస్తుంది.

మన దేశంలో ఉన్నవాళ్ళకి ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధంలో చైనా-బర్మా-ఇండియా రంగం కింద అమెరికా సైన్యం కలకత్తా, అస్సాం, లీడో రోడ్డు ప్రాంతాల్లో పెద్ద సంఖ్యలో ఉంది. సైనికులు భుజం మీద కుట్టించుకునే ఆ రంగం డాలు గుర్తును మన దర్జీలు, జరీ పనివాళ్ళు చేత్తో కుట్టి ఇచ్చారు. ఫ్యాక్టరీలో చేసిన దానికంటే ఈ దేశవాళీ ముక్కలకే సేకర్తలు ఎక్కువ ఇస్తారు. తూర్పు భారతంలో పాత సామాన్ల దుకాణాలకి వెళ్తే కళ్ళు తెరుచుకుని ఉండండి.

విమానం ఎక్కే ముందు తూటాల బెల్ట్‌లో ప్రతి జేబులోనూ వేలు పెట్టి చూడండి. 1923 బెల్ట్‌కి పది జేబులు ఉంటాయి. ఏదో ఒక మూల పాత తూటా ఉండిపోతే విమానాశ్రయంలో ఆయుధాల కేసు అవుతుంది, ఎంత చెప్పుకున్నా వినరు. బాయ్‌నెట్‌ని ఇండియాకి తేవాలనుకోకండి. మన ఆయుధాల నిబంధనల జాబితాలో కత్తులు, బాకులతో పాటు వాటి పేరూ ఉంది. గ్రెనేడ్లు, మందుపాతరల లాంటివి "ఖాళీవే" అని చెప్పినా ముట్టుకోవద్దు.

ప్రమాదాల్లో ఇంకో రెండు. ఆ కాలపు కొన్ని దిక్సూచులు, గడియారాల ముళ్ళ మీద రేడియం పూత ఉంటుంది. వెలుగు ఎప్పుడో ఆగిపోయినా రేడియం అలాగే ఉంటుంది, సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అద్దం తెరవకండి, పొడి రాలితే పీల్చకండి, పిల్లల గదిలో పెట్టకండి. పాత గ్యాస్ మాస్కుల ఫిల్టర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి సరదాకి కూడా ముఖానికి పెట్టుకోకండి.

ఇంటికి తెచ్చాక

ఉతకొద్దు. సర్ఫ్ నీళ్ళలో ఒక్కసారి ముంచితే సిరా ముద్ర కరిగిపోతుంది, సైనికుడి రాత పోతుంది, నవారు ముడుచుకుంటుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, గాలి ఆడే నీడలో ఒక పూట ఆరబెట్టండి. ఇత్తడికి చింతపండు, పీతాంబరి లాంటివి తగలనీయొద్దు. పైనున్న గోధుమ రంగు ఛాయ ఎనభై ఏళ్ళుగా కట్టింది, మెరిపిస్తే వస్తువు విలువ సగం పోతుంది. ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే మాత్రం చెక్క పుల్లతో మెల్లగా గీకి తీసేయండి, లేకపోతే గుడ్డను తింటుంది. తోలుకు నూనె పట్టించాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. ఎక్కువ నూనె తోలును నల్లబరిచి కుట్టును పుచ్చిపోయేలా చేస్తుంది. తుప్పు పట్టిన పార మీద పలుచగా మెషిన్ ఆయిల్ రాస్తే చాలు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలో ఉండేవాళ్ళకి తేమే అసలు శత్రువు. ప్లాస్టిక్ కవర్లో కట్టి దాస్తే వర్షాకాలం అయ్యేసరికి బూజు పడుతుంది. పాత నూలు చీర ముక్కలో చుట్టి, గాలి ఆడే అలమరలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పొట్లాలను ఎప్పటికప్పుడు మార్చండి. ఉన్ని అస్తరుకి పురుగు పడుతుంది కాబట్టి కలరా ఉండలు వేయొచ్చు, అయితే ప్లాస్టిక్ క్యాంటీన్లు, మూతలు ఆ అరలో ఉండకూడదు. బెల్ట్‌లను మడవకుండా వదులుగా చుట్టండి. టిచ్‌బటన్లు ఊడదీసి ఉంచండి, ఏళ్ళ తరబడి పెట్టి ఉంచితే తీసేటప్పుడు గుడ్డ చిరుగుతుంది. సీలు తెరవని కార్లైల్ బ్యాండేజీ డబ్బా దొరికితే లోపల ఏముందో చూడాలనిపించినా తెరవకండి.

ప్రతి వస్తువుకీ ఒక చీటీ రాయండి. ఏమిటది, ముద్రలో ఉన్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా, ఎక్కడ ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకి కొన్నారు, అమ్మినవాళ్ళు ఏం చెప్పారు, అందులో మీకు రుజువైనది ఏది, విన్నమాట ఏది, అన్నీ వేరు వేరుగా రాయండి. పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా తేమకి పాకుతుంది. చీటీని గమ్‌తో అంటించకండి, స్టేప్లర్ పిన్ను గుచ్చకండి. నూలు దారంతో ఐలెట్‌కి వదులుగా కట్టండి. అవే వివరాలు, ముద్రల ఫోటోలతో సహా, ఇంట్లో ఇంకొకరికి తెలిసిన చోట ఒక నోటు పుస్తకంలో కూడా ఉంచండి.